క్లమీడియా జాడ పట్టడం ఎలా: శాంపిల్ ట్యూబ్ నుంచి రిపోర్ట్ దాకా

ఫ్రీజర్‌లో రెండు మూడు వందల క్లమీడియా (లైంగికంగా అంటే ఒక బ్యాక్టీరియా జబ్బు) పాజిటివ్ శాంపిళ్ళు ఉన్నాయి, సీక్వెన్సింగ్‌కి, అంటే డీఎన్‌ఏ అక్షరాలు చదవడానికి, కాస్త డబ్బు కూడా దొరికింది, ఇప్పుడు ఏ పద్ధతితో టైపింగ్ (ఏ శాంపిల్‌లో ఏ రకం బ్యాక్టీరియా ఉందో తేల్చడం) చేయమంటారు? పీజీ విద్యార్థులు, కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. దేనికోసం టైపింగ్ అని తిరిగి అడిగితే చాలామంది దగ్గర సమాధానం ఉండదు. అందరూ చేస్తున్నారు కాబట్టి, పేపర్ రాయాలి కాబట్టి అంటారు. అలా మొదలుపెట్టిన పని ఎక్కడికి పోతుందో నేను చూశాను. చివరికి "ఈ రకం ఇంత శాతం, ఆ రకం అంత శాతం" అనే ఒక పట్టిక మిగులుతుంది, దాంతో ఏ డాక్టరూ ఏ పేషెంటుకీ వేరుగా చేయగలిగింది ఏమీ ఉండదు.

అందుకే ఈ పని మొదటినుంచీ ఎలా చేయాలో, ఎక్కడ మోసపోతామో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్యవాళ్ళలో కొత్తగా క్లమీడియా సోకినవాళ్ళ సంఖ్య 12.9 కోట్లు. వాళ్ళలో ఎక్కువమందికి లక్షణాలే ఉండవు. సోకిందని తెలియకుండానే నెలల తరబడి ఒంట్లో ఉంటుంది, ఇంకొకరికి అంటుతుంది, కొంతమంది ఆడవాళ్ళలో గర్భాశయ నాళాల దాకా పాకి పిల్లలు పుట్టకపోవడానికో, నాళంలోనే గర్భం నిలవడానికో కారణమవుతుంది. లక్షణాలు లేని జబ్బు ఎవరి నుంచి ఎవరికి ఏ దారిలో వెళ్తోందో అడిగి తెలుసుకోవడం కష్టం, ఎందుకంటే మోసేవాళ్ళకే తెలియదు. బ్యాక్టీరియా డీఎన్‌ఏలో ఉన్న చిన్న చిన్న తేడాల్ని చదివి ఆ దారిని ఊహించే ప్రయత్నమే మాలిక్యులర్ ఎపిడెమియాలజీ. ఊహించడం అనే మాట కావాలనే వాడాను, ఎందుకో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

ముందు ఈ జీవి సంగతి

క్లమీడియా ట్రకోమాటిస్ మన కణాల లోపల తప్ప బయట పెరగలేదు. బయట ఉన్నప్పుడు విత్తనంలాంటి ఒక గట్టి రూపంలో ఉంటుంది, కణంలోకి దూరాక పెద్దదై చీలి చీలి సంఖ్య పెంచుకుంటుంది, మళ్ళీ గట్టి రూపంలోకి మారి కణాన్ని వదిలి బయటికి వస్తుంది. ఈ చక్రం తిరగడానికి రెండు మూడు రోజులు పడుతుంది. దీనివల్ల మన పనికి రెండు చిక్కులు. ఒకటి, మామూలు ప్లేటు మీద కాలనీలు తీసి దాచుకునే వీలు లేదు, కణాల కల్చర్ కావాలి, అది ఖరీదు, ఓపిక రెండూ అడుగుతుంది. రెండోది, స్వాబ్‌లోంచి డీఎన్‌ఏ తీస్తే అందులో సింహభాగం మనిషిదే, బ్యాక్టీరియాది చాలా కొంచెం.

దీని జీనోమ్, అంటే మొత్తం డీఎన్‌ఏ, చిన్నది, సుమారు 10.4 లక్షల అక్షరాలు, దాదాపు 900 జన్యువులు. మొదటిసారి పూర్తిగా చదివింది 1998లో. దీనితో పాటు ప్లాస్మిడ్ అనే సుమారు 7,500 అక్షరాల చిన్న గుండ్రటి డీఎన్‌ఏ విడిగా ఒకటి ఉంటుంది. ఒక్కో బ్యాక్టీరియాలో దాని ప్రతులు కొన్ని ఉంటాయి కాబట్టి, దాన్ని గురిపెడితే పరీక్షకు సున్నితత్వం పెరుగుతుందని చాలా కంపెనీలు తమ టెస్టులను ఆ ప్లాస్మిడ్ మీదే కట్టాయి. ఈ ఒక్క నిర్ణయం ఒక దేశంలో ఎంత గందరగోళం చేసిందో కింద చెప్తాను.

ప్రశ్న రాసుకోండి, తర్వాతే పైపెట్ పట్టుకోండి

కాగితం మీద ఒకే ఒక వాక్యంలో మీ ప్రశ్న రాయండి. అది రాయలేకపోతే ఆ రోజు ల్యాబ్‌కి వెళ్ళకండి, గైడ్‌తోనో తోటివాళ్ళతోనో కూర్చుని మాట్లాడండి. నాకు తెలిసి ఈ రంగంలో వచ్చే ప్రశ్నలు కొన్నే. ఈ జనంలో ఏ రకాలు తిరుగుతున్నాయి? ఈ మలద్వారం శాంపిల్‌లో ఉన్నది మామూలు క్లమీడియానా, ఎల్‌జీవీ అనే తీవ్రమైన రకమా? మందు వాడినా మళ్ళీ పాజిటివ్ వచ్చింది, పాతది పోలేదా, కొత్తది అంటిందా? ఈ రెండు సమూహాల మధ్య రాకపోకలు ఉన్నాయా? మన టెస్ట్ ఏదైనా రకాన్ని పట్టలేక వదిలేస్తోందా?

వీటిలో ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. ఎల్‌జీవీ అవునో కాదో తేల్చడానికి పూర్తి జీనోమ్ చదవాల్సిన పని లేదు. పీఎంపీ-హెచ్ అనే జన్యువులో ఎల్‌జీవీ రకాలకు 36 అక్షరాలు తక్కువగా ఉంటాయి, ఆ ఖాళీని గురిపెట్టే ఒక రియల్‌టైమ్ పీసీఆర్ (కావలసిన డీఎన్‌ఏ ముక్కను లెక్కలేనన్ని ప్రతులుగా పెంచుతూ అప్పటికప్పుడే కొలిచే పరీక్ష) చాలు, సాయంత్రానికి సమాధానం వస్తుంది. ఆ సమాధానం డాక్టరుకి వెంటనే పనికొస్తుంది కూడా, ఎందుకంటే మామూలు క్లమీడియాకి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఏడు రోజులు ఇస్తే ఎల్‌జీవీకి 21 రోజులు ఇస్తారు. అదే రెండు ఊళ్ళ మధ్యో, రెండు సమూహాల మధ్యో సంబంధం వెతకాలంటే ఆ పీసీఆర్ ఏ మాత్రం సరిపోదు.

శాంపిళ్ళు, వాటితో రావాల్సిన వివరాలు

ఆడవాళ్ళకైతే యోని స్వాబ్, మగవాళ్ళకైతే మొదట వచ్చే మూత్రం, లైంగిక అలవాట్లను బట్టి మలద్వారం, గొంతు స్వాబ్‌లు. మూత్రం అంటే మధ్యలోది కాదు, మొదటి 20, 30 మిల్లీలీటర్లు, ఈ మాట పేషెంటుకి సరిగ్గా చెప్పకపోతే డీఎన్‌ఏ పలచబడిపోతుంది. టెస్ట్ చేశాక మిగిలినది పారేయకుండా, రెండు మూడు చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. ఒకే ట్యూబుని పదిసార్లు కరిగించి గడ్డకట్టిస్తే ఆఖరికి అందులో చదవడానికి ఏమీ మిగలదు.

అసలు విలువ ట్యూబులో ఎంత ఉందో దాని పక్కన రాసుకున్న వివరాల్లోనూ అంతే ఉంది. శాంపిల్ తీసిన తేదీ, ఒంట్లో ఏ భాగం నుంచి, వయసు, లింగం, భాగస్వాములు ఎవరు అన్నది వర్గంగా, లక్షణాలు ఉన్నాయా, ఎందుకు పరీక్షకు వచ్చారు, ఏ కంపెనీ టెస్ట్‌తో పాజిటివ్ వచ్చింది, అంతకుముందు మందు వాడారా. ఎందుకు వచ్చారు అనే గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు, నా దృష్టిలో అది అన్నిటికంటే ముఖ్యం. లక్షణాలతో వచ్చినవాళ్ళ శాంపిళ్ళు, ఊరికే స్క్రీనింగ్‌లో దొరికిన శాంపిళ్ళు ఒకే కుప్పలో పోసి రకాల శాతాలు లెక్కేస్తే ఆ శాతం ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఇంకొక మాట. గొంతు శాంపిళ్ళలో బ్యాక్టీరియా మోతాదు సాధారణంగా తక్కువ, కాబట్టి వాటిలో టైపింగ్ ఫెయిల్ అయ్యేవి ఎక్కువ. ఫెయిల్ అయినవాటిని చెప్పకుండా లెక్కలోంచి తీసేస్తే మీ ఫలితం మోతాదు ఎక్కువ ఉన్న శాంపిళ్ళ వైపు ఒరిగిపోతుంది. ఎన్నిటితో మొదలుపెట్టారు, ఎన్ని ఏ దశలో ఆగిపోయాయి, అవి ఏ భాగానివి అనేది మొదటి రోజు నుంచే ఒక పట్టికలో రాస్తూ రండి. చివర్లో గుర్తు తెచ్చుకుని రాయడం కుదరదు, నేను ప్రయత్నించి చూశాను, రెండు వారాలు పోయాయి, అయినా లెక్క సరిగ్గా తేలలేదు.

ఓఎంపీ-ఏ: చవక, సులువు, దాని హద్దు దానికి ఉంది

ఎక్కువమంది మొదలుపెట్టేది ఇక్కడే. క్లమీడియా పైపొరలో ఉండే ముఖ్యమైన ప్రొటీన్‌కి ఓఎంపీ-ఏ అనే జన్యువు కారణం, సుమారు 1,200 అక్షరాల పొడవు, అందులో నాలుగు చోట్ల అక్షరాలు రకానికీ రకానికీ బాగా మారుతుంటాయి. వెనకటికి యాంటీబాడీలతో తేల్చిన సీరోవార్ల పేర్లే ఇప్పుడు ఈ జన్యువును చదివి పెడుతున్నారు. ఏ నుంచి సీ దాకా కళ్ళకు వచ్చే ట్రకోమా, డీ నుంచి కే దాకా జననాంగాలవి, ఎల్1 నుంచి ఎల్3 దాకా ఎల్‌జీవీ. ప్రపంచంలో చాలా చోట్ల స్త్రీ పురుషుల మధ్య తిరిగేవాటిలో 'ఈ' (E) అనే రకానిదే పైచేయి, తర్వాత ఎఫ్, డీ. పురుషులతో సంబంధం ఉన్న పురుషుల్లో చూస్తే జీ, డీ, జే ఎక్కువగా కనిపిస్తాయి.

చేసే విధానం తెలిసిందే. డీఎన్‌ఏ తీయడం, ఆ జన్యువును పీసీఆర్‌తో పెంచడం, శాంగర్ పద్ధతిలో (ఒక్కో డీఎన్‌ఏ ముక్కను విడిగా చదివే పాత పద్ధతి) రెండు వైపుల నుంచీ చదవడం, తెలిసిన రకాలతో పోల్చడం. మోతాదు తక్కువ ఉన్నవాటికి నెస్టెడ్ పీసీఆర్ వాడతారు, అంటే ఒకసారి పెంచినదాన్ని మళ్ళీ లోపలి ప్రైమర్లతో (పెంచడం ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పెంచడం. దీనికి చాలా భయపడండి. మొదటి రౌండ్ ట్యూబు మూత తెరిచిన క్షణంలో గాల్లోకి లేచే తుంపరల్లో కోట్ల ప్రతులు ఉంటాయి, అవి పక్క ట్యూబులో పడితే మీ దగ్గర ఉన్నట్టుండి ఒకే రకం "వ్యాప్తి" పుట్టుకొస్తుంది. మిక్స్ కలిపే గది వేరు, డీఎన్‌ఏ వేసే గది వేరు, పెంచినదాన్ని తెరిచే గది వేరు ఉండాలి. ఒక గది నుంచి వెనక గదికి పైపెట్ కాదు కదా, పెన్ను కూడా రాకూడదు. ప్రతి బ్యాచ్‌లో డీఎన్‌ఏ వేయని ఖాళీ ట్యూబులు ఒకటి కాదు, మూడు నాలుగు, రాక్‌లో అక్కడక్కడా పెట్టండి. అందులో ఒక్కటి పాజిటివ్ వచ్చినా మొత్తం బ్యాచ్ పారేయాలి. మనసొప్పదు, కానీ పారేయాల్సిందే.

చదివిన అలల బొమ్మ కళ్ళతో చూడండి, సాఫ్ట్‌వేర్ చెప్పిన అక్షరాలను గుడ్డిగా తీసుకోవద్దు. ఒకే చోట రెండు శిఖరాలు కనిపిస్తే ఒకే మనిషిలో రెండు రకాలు ఉండే అవకాశం ఉంది. ఎక్కువ మోతాదులో ఉన్న రకం రెండోదాన్ని కప్పేస్తుంది కాబట్టి శాంగర్ పద్ధతిలో ఇలాంటి జంట ఇన్ఫెక్షన్లు తక్కువగానే బయటపడతాయి.

ఇక దీని హద్దు. ఇద్దరికీ ఒకే రకం వచ్చిందంటే ఒకరి నుంచి ఒకరికి అంటిందనుకోవడం కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు. ఒక చిన్న లెక్క వేద్దాం. మీ శాంపిళ్ళలో ఐదు రకాలు వరుసగా 40, 25, 15, 10, 10 శాతం ఉన్నాయనుకోండి. ఏ సంబంధమూ లేని ఇద్దరిని కళ్ళు మూసుకుని ఎంచుకుంటే వాళ్ళ రకాలు కలిసే అవకాశం ఎంత? ఒక్కో వాటాని దానితోనే గుణించి కూడాలి: 0.16, 0.0625, 0.0225, 0.01, 0.01. మొత్తం 0.265. అంటే నాలుగు జంటల్లో ఒకటి కంటే ఎక్కువ జంటలకు ఊరికే, కాకతాళీయంగా, ఒకే రకం వస్తుంది. ఒకటిలోంచి దీన్ని తీసేస్తే 0.735, దీన్నే ఆ పద్ధతికి వేరు చేసే శక్తి అంటాం. హంటర్, గాస్టన్ అనే పరిశోధకులు 1988లో ఈ సూచికను సూక్ష్మజీవుల టైపింగ్‌కి తెచ్చినప్పుడు 0.90 దాటితే నమ్మకంగా వాడొచ్చని అన్నారు. మీ డేటాకి ఈ లెక్క వేయకుండా "వ్యాప్తి గొలుసు" అనే మాట రాయకండి.

ఎంఎల్‌ఎస్‌టీ, పునరావృతాల లెక్క

ఒక జన్యువు చాలకపోతే ఐదో ఏడో చదవడం ఎంఎల్‌ఎస్‌టీ. క్లమీడియాకి రెండు రకాల పథకాలు ఉన్నాయి, వాటి స్వభావం వేరు. ఒకటి కణం రోజువారీ పనులకు కావలసిన ఏడు జన్యువులను చదువుతుంది, ఇవి నెమ్మదిగా మారతాయి, కాబట్టి దూరపు చుట్టరికం చెప్పడానికి బాగుంటాయి, దగ్గరి వ్యాప్తికి చాలవు. రెండోది స్వీడన్‌లోని ఉప్సలలో తయారైంది, త్వరగా మారే ఐదు ప్రాంతాలను చదువుతుంది, ఓఎంపీ-ఏ కంటే చాలా మెరుగ్గా వేరు చేస్తుంది. రెండింటిలోనూ వచ్చే నంబర్లకు ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదు, ఒక పేపర్‌లోని నంబరుని ఇంకో పథకం పేపర్‌తో పోల్చేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తున్నారు, కాబట్టి పథకం పేరు ప్రతిసారీ రాయండి. వరుసగా తిరిగే అక్షరాల పునరావృతాలను లెక్కపెట్టే ఇంకొక పద్ధతి కూడా ఉంది, అది ఇంకా త్వరగా మారుతుంది, అయితే ఒకే అక్షరం పది పన్నెండు సార్లు వచ్చే చోట పీసీఆర్ ఎంజైమే తడబడుతుంది, అందుకే అలాంటి తేడా ఒక్కటే కనిపిస్తే మళ్ళీ చేసి చూడాలి.

మామూలు పరిశోధనకి, తక్కువ డబ్బుకి, త్వరగా మారే ఆ ఐదు ప్రాంతాల పథకమే నేను సూచిస్తాను.

పూర్తి జీనోమ్ చదవాలంటే

స్వాబ్‌లోంచి నేరుగా చదివితే వచ్చే అక్షరాల్లో అత్యధికం మనిషివే కాబట్టి ముందు క్లమీడియా డీఎన్‌ఏని ఏరాలి. దానికి జీనోమ్ అంతటా అతుక్కునేలా తయారు చేసిన ఆర్‌ఎన్‌ఏ ఎరలు వాడతారు, ఎరకు చిక్కినదాన్ని అయస్కాంతపు పూసలతో లాగి మిగతాది కడిగేస్తారు. కల్చర్ లేకుండానే పాత శాంపిళ్ళ నుంచి జీనోమ్‌లు రావడం ఇలాగే సాధ్యమైంది. మోతాదు మరీ తక్కువ ఉన్న శాంపిల్‌ని పంపి డబ్బు వృథా చేసుకోకుండా, ముందు రియల్‌టైమ్ పీసీఆర్‌తో ప్రతుల సంఖ్య కొలిచి, బాగున్నవి ఎంచుకోండి, ఎంచుకున్నట్టు రిపోర్ట్‌లో రాయండి.

చదివాక మనిషి అక్షరాలు తీసేయడం, తెలిసిన ఒక జీనోమ్ మీద పరచడం, ప్రతి స్థానాన్నీ కనీసం పదిసార్లైనా చదివామో లేదో చూడటం, తేడా అక్షరాలు తీయడం, ఇక్కడిదాకా వేరే బ్యాక్టీరియాలకు చేసే పనే. ఆ తర్వాత ఆగాలి. క్లమీడియా రకాలు ఒకే కణంలో కలుసుకున్నప్పుడు డీఎన్‌ఏ ముక్కలు మార్చుకుంటాయి. ఇది ఎప్పుడో ఒకసారి జరిగే విషయం కాదని, జాతి అంతటా విస్తారంగా ఉందని 2012లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన జీనోమ్ పరిశోధన చూపించింది. మార్చుకునే ముక్కల్లో ఓఎంపీ-ఏ కూడా ఉంది, అంటే మనం రకానికి పేరు పెట్టేదే ఒకరి ఒంటి మీది నుంచి ఇంకొకరి ఒంటి మీదికి మారే చొక్కాలాంటిది. ఆస్ట్రేలియాలో ట్రకోమా ఉన్న ఆదివాసీ సమూహాల నుంచి వెనకటి దశాబ్దాల్లో తీసి దాచిన శాంపిళ్ళను చదివితే, పైన కళ్ళ రకం ఓఎంపీ-ఏ ఉంది, మిగతా జీనోమ్ మాత్రం జననాంగాల రకాలకు దగ్గరగా ఉంది. ఇది 2016లో బయటికి వచ్చింది. ఒక్క ఆ జన్యువునే చదివి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

అందుకని వంశవృక్షం గీసే ముందు గబ్బిన్స్ లాంటి ప్రోగ్రాంతో మార్చుకున్న ముక్కలను గుర్తించి పక్కన పెట్టండి. లేకపోతే ఒక్క మార్పిడిలో వచ్చిన వంద తేడాలను చెట్టు వంద వేర్వేరు మార్పులుగా లెక్కేసుకుని, దగ్గరివాళ్ళని దూరం చేస్తుంది.

ఎన్ని అక్షరాల తేడా ఉంటే ఒకే గొలుసు అనొచ్చు అని అడుగుతారు. దానికి అందరూ ఒప్పుకున్న గీత లేదు. ఈ జీవి చాలా నెమ్మదిగా మారుతుంది, నెలల తేడాతో తీసిన శాంపిళ్ళలో కూడా ఒక్క అక్షరం తేడా లేకపోవచ్చు. కాబట్టి సున్నా తేడా వచ్చిందంటే ఇద్దరూ ఒకే విస్తృతమైన కుటుంబంలో ఉన్నారని అర్థం, మధ్యలో ఇంకో నలుగురు ఉండొచ్చు, వాళ్ళు మీ ఫ్రీజర్‌లో లేరు. తేడా ఎక్కువ ఉంటే మాత్రం, ఆ ఇద్దరి మధ్య ఇటీవల నేరుగా అంటలేదని గట్టిగానే చెప్పొచ్చు. ఈ పద్ధతి కాదని చెప్పడంలో బలంగా ఉంటుంది, అవునని చెప్పడంలో బలహీనం. నేను చెప్పేవాటిలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

కేసులు తగ్గితే కూడా టెన్షన్ పడాలి

2006లో స్వీడన్ నైరుతి దిక్కున ఉన్న హాలండ్ అనే కౌంటీలో క్లమీడియా కేసులు ఉన్నట్టుండి 25 శాతం తగ్గాయి. సంతోషపడి ఊరుకోవాల్సిన చోట అక్కడి ల్యాబ్‌వాళ్ళు అనుమానపడ్డారు. తమ టెస్ట్ నెగెటివ్ అన్నవాటిని వేరే భాగాన్ని గురిపెట్టే టెస్ట్‌తో చూస్తే కొన్ని పాజిటివ్ వచ్చాయి. ప్లాస్మిడ్‌లో 377 అక్షరాలు ఊడిపోయిన కొత్త రకం అది, ఆ ఊడిన చోటే రెండు పెద్ద కంపెనీల టెస్టులు గురిపెట్టాయి. టెస్ట్‌కి కనిపించదు కాబట్టి మందు పడదు, మందు పడదు కాబట్టి హాయిగా వ్యాపిస్తుంది. ఆ టెస్టులు వాడిన కౌంటీల్లో ఈ రకం వాటా 20 నుంచి 64 శాతం దాకా తేలింది, వేరే టెస్ట్ వాడిన చోట్ల తక్కువ ఉంది.

టైపింగ్ ఏం చెప్పిందో చూడండి. అది ఓఎంపీ-ఏ ప్రకారం 'ఈ' (E) రకం, అంటే అన్నిటికంటే మామూలుది, దాన్ని బట్టి ఏమీ తెలియదు. ఎక్కువ ప్రాంతాలు చదివాక తేలింది ఏమిటంటే దేశమంతటా దొరికిన ఈ శాంపిళ్ళన్నీ దాదాపు ఒకే అచ్చు. వేర్వేరు చోట్ల వేర్వేరుగా పుట్టలేదు, ఒక్కచోట పుట్టిన ఒక్క రకం, టెస్టులు ఇచ్చిన వెసులుబాటుతో పాకిపోయింది. టెస్టులు మార్చాక దాని వాటా క్రమంగా తగ్గింది, అంటే దానికి సహజంగా వేరే పెద్ద బలమేమీ లేదని అర్థమైంది. మాలిక్యులర్ ఎపిడెమియాలజీ ప్రజల ఆరోగ్యానికి నేరుగా పనికొచ్చిన సందర్భాల్లో నాకు దీనికి మించింది కనిపించదు.

ప్లాస్మిడ్‌ని వదిలేసి వేరే చోట గురిపెడితే సరిపోతుందనుకున్నారు కొందరు. 2019లో ఫిన్లాండ్‌లో ఇంకొక రకం దొరికింది, ఈసారి 23ఎస్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో (ప్రొటీన్లు తయారుచేసే యంత్రంలో ఒక భాగం) 1515వ స్థానంలో ఒకే ఒక్క అక్షరం సీ నుంచి టీకి మారింది, దానిమీద ఆధారపడిన ఒక టెస్ట్ తప్పిపోయింది. అక్కడ దొరకబుచ్చుకున్నది కూడా శ్రద్ధగల కళ్ళే, నెగెటివ్ అని వచ్చినా కొన్ని శాంపిళ్ళ సిగ్నల్ మామూలు నెగెటివ్ కంటే కాస్త పైన ఉండటం గమనించారు. ఇప్పుడు చాలా టెస్టులు రెండు చోట్ల గురిపెడుతున్నాయి, కారణం ఇవే.

మీరు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. నెలకోసారి పాజిటివ్ శాతాన్ని టెస్ట్ కంపెనీ వారీగా, లింగం వారీగా, శరీర భాగం వారీగా విడివిడిగా గీయండి, మొత్తం కలిపిన గీతలో ఇలాంటి పడిపోవడం కనపడదు. నెగెటివ్ వచ్చినవాటిలో కొన్నిటిని, ముఖ్యంగా లక్షణాలు ఉండి నెగెటివ్ వచ్చినవాటిని, భాగస్వామి పాజిటివ్ అయి తాము నెగెటివ్ అయినవాళ్ళవి, అప్పుడప్పుడూ వేరే భాగాన్ని గురిపెట్టే టెస్ట్‌తో చూడండి. పాజిటివ్ అనే హద్దుకు కాస్త కింద ఉన్న సిగ్నళ్ళను పారేయకుండా రాసి పెట్టండి.

పాత ఫ్రీజర్ల విలువ

2003లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పురుషులతో సంబంధం ఉన్న పురుషుల్లో ఎల్‌జీవీ కేసులు వరుసగా బయటపడ్డాయి. అప్పటిదాకా యూరప్‌లో అరుదు అనుకున్న జబ్బు. చదివితే ఎల్2బీ అనే ఉపరకం, తర్వాత యూరప్‌లోనూ అమెరికాలోనూ వేరే నగరాల్లో కనిపించింది కూడా అదే. కొత్తగా పుట్టిందా అనే ప్రశ్న వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1980ల్లో తీసి దాచిన శాంపిళ్ళను తెరిచి చూస్తే వాటిలోనూ అదే ఉంది. అంటే అది కొత్తగా రాలేదు, ఎవరూ వెతకని చోట చాలా ఏళ్ళుగా మెల్లగా తిరుగుతోంది. ఒక్క శాంపిల్ పెట్టె ఒక "కొత్త వ్యాప్తి" కథని తిరగరాసింది. అందుకే ప్రాజెక్టు అయిపోయిందని ఫ్రీజర్ ఖాళీ చేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పోర్చుగల్‌లో ఆ తర్వాత ఎల్2బీ శరీరంలోకి డీ రకపు ఓఎంపీ-ఏ వచ్చి చేరిన సంకర రకం కూడా దొరికింది, దాన్ని ఓఎంపీ-ఏ మాత్రమే చదివే ల్యాబ్ మామూలు క్లమీడియా అని రాసి పంపేస్తుంది, పేషెంటుకి 21 రోజుల బదులు ఏడు రోజుల మందే దక్కుతుంది.

మళ్ళీ పాజిటివ్ వచ్చినవాళ్ళ సంగతి

మందు వేసుకున్నాక మూడు నాలుగు వారాలలోపు మళ్ళీ టెస్ట్ చేస్తే చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ కూడా పాజిటివ్ చూపిస్తుంది. కాబట్టి ముందు తేదీ చూడండి. తర్వాత, భాగస్వామికి మందు పడిందా అని అడగండి. ఆ తర్వాతే టైపింగ్. రెండు శాంపిళ్ళలో రకం వేరైతే కొత్తగా అంటిందనే ఎక్కువ నమ్మొచ్చు, మొదటిసారే రెండు రకాలు కలిసి ఉండి ఒకటి కనపడకుండా పోయిందేమో అనే చిన్న సందేహం తప్ప. రకం ఒకటే అయితే ఏమీ తేలదు, ఎందుకంటే మందు వాడని అదే భాగస్వామి దగ్గర నుంచి అదే రకం మళ్ళీ రావడం అన్నిటికంటే సహజం. దాన్ని "మందు పనిచేయలేదు" అని రాస్తే ఒక మనిషికి అనవసరమైన మందులు, ఒక జంట మధ్య అనవసరమైన అనుమానాలు మిగులుతాయి. గనేరియాలో అయితే మందులకు లొంగని జన్యువులను వెతకడమే టైపింగ్‌లో పెద్ద భాగం, ఆ అలవాటుతో క్లమీడియాలోనూ అవే వెతకొద్దు. డాక్సీసైక్లిన్‌కి స్థిరంగా లొంగని రకం మనుషుల్లో వ్యాపిస్తున్నట్టు తేలలేదు, పందుల్లో ఉండే క్లమీడియా సూయిస్‌లో మాత్రం అదే కుటుంబపు మందైన టెట్రాసైక్లిన్‌కి లొంగని జన్యువు ఉంది.

మనుషుల గురించి రాస్తున్నామని మర్చిపోవద్దు

చెట్టు మీద పక్కపక్కన ఉన్న రెండు కొమ్మలు ఇద్దరు మనుషులు. ఎవరి నుంచి ఎవరికి అనే దిశ ఆ చెట్టు చెప్పదు. బాణం గుర్తు గీయకండి, "మూలం ఫలానా పేషెంట్" అని రాయకండి, నోటితో కూడా అనకండి. కోర్టులోనో, ఇంట్లోనో ఎవరైనా మీ బొమ్మను సాక్ష్యంగా చూపిస్తే అది మోయలేని బరువు. చిన్న సమూహంలో వయసు, వృత్తి, తేదీ కలిపి వేస్తే పేరు లేకపోయినా మనిషిని గుర్తుపట్టేస్తారు, అందుకే తేదీని నెలకో, మూడు నెలలకో కుదించండి, వయసుని గుంపులుగా వేయండి, ఐదుగురి కంటే తక్కువ ఉన్న గడులను కలిపేయండి. లైంగిక అలవాట్ల ప్రశ్నలకు జవాబిచ్చినవాళ్ళు ల్యాబ్‌ని నమ్మి చెప్పారు, ఆ కాగితాలు, శాంపిల్ నంబర్లు ఒకే చోట ఉండకూడదు, జోడించే తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి. మిగిలిన శాంపిల్‌ని పరిశోధనకి వాడుకోవచ్చా అనే అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి, నైతిక కమిటీ ఆమోదం లేకుండా ఒక్క ట్యూబు కూడా తెరవొద్దు.

రిపోర్ట్ రాసేటప్పుడు మొదటి పేరాలోనే మీ ప్రశ్న, దాని జవాబు పెట్టండి. తర్వాత ఎన్ని శాంపిళ్ళు, ఎక్కడ ఆగిపోయాయి, ఏ పథకం, ఏ రిఫరెన్స్ జీనోమ్, వేరు చేసే శక్తి ఎంత, ఖాళీ ట్యూబులు ఏం చెప్పాయి. సీక్వెన్సులను పబ్లిక్ డేటాబేస్‌లో పెట్టే ముందు మనిషి అక్షరాలను ఇంకొకసారి, వేరే ప్రోగ్రాంతో తీసేసి చూడండి, ఒకసారి బయటికి వెళ్ళిన మనిషి డీఎన్‌ఏ వెనక్కి రాదు. ఆ పని అయ్యాక మిగిలిన ట్యూబులకు చెరిగిపోని లేబుళ్ళు అంటించి, ఏ పెట్టెలో ఏ వరుసలో ఏముందో రాసిన కాగితం ఒకటి ఫ్రీజర్ తలుపు మీద, దాని కాపీ కంప్యూటర్‌లో పెట్టండి, మీ తర్వాత అక్కడికి వచ్చేవాళ్ళకి మీ ఫోన్ నంబర్ తెలియకపోయినా ఆ ట్యూబు దొరకాలి.